నా చేతిలో మిగిలిన పళ్ళ తొడుగు

నిద్రలో పళ్ళు కొరికే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. పక్కన పడుకున్నవాళ్ళకు అది ఎలుక కొయ్యపెట్టెను కొరుకుతున్నట్టు వినబడేదట. మా వైపు దానికి రెండు వైద్యాలుండేవి. కడుపులో పురుగులున్నాయని ఆముదం తాగించడం ఒకటి, తాయెత్తు కట్టడం ఇంకొకటి. నాకు రెండూ జరిగాయి. ఆముదానికి కడుపు ఖాళీ అయింది. తాయెత్తు తాడు ఒరుసుకుని మెడ మీద పుండు పడింది. పళ్ళ చప్పుడు మాత్రం ఆగలేదు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాయన చనిపోయాడు. చెరకు లోడు లారీ మీద నుంచి పడ్డాడు. పట్టుకున్న తాడు తెగిందని కళ్ళారా చూసినవాళ్ళు చెప్పారు. అయినా కర్మాంతరం రోజు అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు మా మేనత్త నా వైపు చెయ్యి చూపించి అంది: "వీడు పండ్లు కొరికి కొరికి నాయన్ను తినేసినాడు." ఎవరూ కాదనలేదు. అమ్మ కూడా అనలేదు. పంక్తిలో నా పక్కన కూర్చున్న బంధువు తన విస్తరిని జానెడు దూరం జరుపుకున్నాడు.

నువ్వు హేతువాదివి ఎట్లా అయ్యావని సభల్లో ఎవరైనా అడిగితే పుస్తకాలు చదివి అయ్యానని చెబుతుంటాను. అది సగమే నిజం. ఆ విస్తరి జరిగినప్పుడు అయ్యాను. ఆ తర్వాత ముప్పై ఏళ్ళకు పైగా చిత్తూరులో, తిరుపతిలో, పలమనేరులో, ఎక్కడ మైకు దొరికితే అక్కడ వాదించాను. జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పడం ఉద్యోగం. వాదించడం బతుకు. బాణామతి చేస్తానన్నవాళ్ళతో, జాతకాలు చెప్పేవాళ్ళతో, నిప్పుల గుండం తొక్కేవాళ్ళతో వేదిక మీద ఎదురెదురుగా నిలబడి మాట్లాడాను. ఓడిపోయిన గుర్తు నాకు లేదు.

పళ్ళు కొరకడం కీడు కాదని, నిద్రలో దవడ కండరాలు బిగుసుకోవడమేనని నాకు విడమరిచి చెప్పింది మాత్రం తిరుపతిలో ఒక పళ్ళ డాక్టరు. అదీ యాభై దాటాక. దవడపళ్ళు అరిగి పలకల్లా అయిపోయాయి, చల్లటి నీళ్ళు తాగితే ప్రాణం జివ్వుమంటోందని పోయాను. ఆయన మెత్తటి ముద్ద ఒకటి నోట్లో పెట్టి కరిపించి అచ్చు తీసుకున్నాడు. వారం తర్వాత గాజులాగా తెల్లగా కనబడే ఒక తొడుగు పై పళ్ళకు బిగించాడు.

"ఇది పెట్టుకున్నా మీరు కొరుకుతానే ఉంటారు సార్. అలవాటు పోదు. కాకపోతే ఇంక పండ్లు అరగవు, ఇది అరుగుతాది. అంతే దీని పని" అన్నాడు.

ఎంత నిజాయితీ గల మాట! ఏ తాయెత్తూ తన పని ఇంతేనని చెప్పదు. నలభై ఏళ్ళు మోసిన నింద అరచేతిలో పట్టే ప్లాస్టిక్కు ముక్కతో తేలిపోయింది. నేను ఆ తొడుగును డబ్బీలో పెట్టి చొక్కా జేబులో వేసుకుని సభలకు తీసుకుపోవడం మొదలుపెట్టాను. తీసి చూపించి, మా మేనత్త మాట చెప్పి, జనాన్ని ఆలోచింపజేసేవాణ్ణి. నా భార్యకు అది రోత. "ఏమయ్యా, నోట్లోది జోబీలోకి, జోబీలోది మైకు కాడికి! జనం ఎట్ట చూస్తారో ఏమో" అనేది. ఆమె మాట నేను పట్టించుకోలేదు. చేతిలో ఒక వస్తువు పట్టుకుని మాట్లాడితే జనం కళ్ళు అటే ఉంటాయని నాకు తెలుసు.

ఆ డాక్టరు దగ్గరికి పోయినప్పుడు నాతో మా అమ్మాయి వచ్చింది. అప్పటికి తిరుపతిలో డిగ్రీ రెండో ఏడు. కాలేజీ కబడ్డీ జట్టులో కూతకు పోయేది ఆమే. మోచేతుల మీద దోక్కుపోయిన గీతలు చూసి డాక్టరు ఏమి ఆడతావని అడిగాడు. చెప్పింది.

"మరి నోటికేం పెట్టుకుంటావు?"

"ఒకటి కొన్నాను సార్, వేడినీళ్ళలో ముంచి కరిచిపెట్టుకునేది. కూత పెడితే జారి పడిపోతా ఉండాది. ఇంక మానేసినా."

డాక్టరు నా వైపు చూశాడు. నిద్రలో నన్ను నేను కొరుక్కునేదానికి తొడుగు కావాలని పరుగెత్తి వచ్చినవాణ్ణి, ఏడుగురి మోకాళ్ళ మధ్యకు దూకే పిల్లకు ఒకటి కావాలని నాకు తట్టనేలేదు. ఆయనే ఆమె పళ్ళకూ అచ్చు తీసి, నా దానికంటే మందంగా, మెత్తగా ఒకటి చేయించాడు.

దాంతో కూత అలవాటు కావడానికి రెండు వారాలు పట్టింది. కూత ఊపిరి విడవకుండా పెట్టాలి, అంపైరుకు స్పష్టంగా వినబడాలి, లేకపోతే ఔట్. ఇంటికి వచ్చినప్పుడల్లా వంటింటికీ వాకిటికీ మధ్య కూత పెడుతూ తిరిగేది. మొదట్లో కబడ్డీ కాస్తా "హబద్ది" అయ్యేది.

"ఏందమ్మా అది, నోట్లో వేడి బోండా పెట్టుకున్నట్టు?" అనేది వాళ్ళమ్మ.

"నువ్వు పెట్టుకోని చూడు మా, నీ తిట్లు గూడా తియ్యగుంటాయి" అని ఈమె.

రెండో వారం దాటేసరికి మాట శుభ్రంగా పలికింది. ఆ తొడుగు తన నోట్లో పుట్టిన పన్నే అన్నట్టు ఉండేది.

కాణిపాకం దాటి కొంత దూరం లోపలికి పోతే ఒక ఊరుంది. ఏటా అక్కడి అమ్మవారి తిరునాళ్ళకు ఆడపిల్లలకు కబడ్డీ పోటీలు పెడతారు. మామూలు తిరునాళ్ళ ఆటలని కొట్టిపారేసేవి కావు. జిల్లా జట్టుకు ఆటగాళ్ళను ఎంచేవాళ్ళు వచ్చి కూర్చుంటారు. మా అమ్మాయి ఏడాదిగా ఎదురుచూస్తున్న రోజు అది. నేనూ పోయాను. నాకు ఆ ఊళ్ళో పాత పేరు ఉంది. పదేళ్ళ కింద అక్కడి బడిలో బాణామతి మీద మాట్లాడి, ఊరంతటినీ రెండుగా చీల్చి వచ్చాను.

ఆట మొదలయ్యేముందు పూజారి వచ్చి మైదానం నాలుగు మూలలా పసుపునీళ్ళు చల్లిపోయాడు. ఇక ఆ పొద్దుకు అది అమ్మ తావు. చెప్పులతో తొక్కకూడదు, ఉమ్మకూడదు. మా అమ్మాయి జట్టుకు ఎదురుగా తడ వైపు నుంచి వచ్చిన జట్టు. అందులో చాలామంది శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసే పిల్లలు. సగం తెలుగు, సగం తమిళం మాట్లాడుతూ, ఒకరినొకరు ఏడిపించుకుంటూ, రాళ్ళలాగా గట్టిగా ఉన్నారు. మొదటి సగంలోనే మా అమ్మాయి నాలుగైదు కూతలు గెలిచి వచ్చింది. వచ్చినప్పుడల్లా తొడుగు వేళ్ళతో తీసి, ఊపిరి పీల్చుకుని, తోటి పిల్లలకు ఏదో చెప్పి మళ్ళీ పెట్టుకునేది.

సగం ఆట అయ్యాక కమిటీ పెద్దాయన ఆమె దగ్గరికి వచ్చాడు. అరవై దాటిన మనిషి. ఒకప్పుడు ఆయనా కబడ్డీ ఆడినవాడే. పై వరసలో మూడే పళ్ళు మిగిలాయి.

"అమ్మా, ఆ నోట్లోది చేత్తో తీస్తా ఉండావు. ఆ ఎంగిలి చేత్తోనే నేల ముడతా ఉండావు. అమ్మ తావు గదా ఇది" అన్నాడు.

"అది లేకుంటే పండ్లు పోతాయి తాతా."

"పెట్టొద్దని నేనన్నానా? పెట్టుకో. తీసినప్పుడు చెయ్యి కడుక్కో, అంతే. అదో, ఆడ బిందె ఉండాది."

"సరే తాతా."

అంతటితో సంగతి అయిపోయింది. అడిగినవాడికీ, ఒప్పుకున్నదానికీ ఏ ఇబ్బందీ లేదు. ఆమె తాడు దగ్గరికి వచ్చి తొడుగు నా అరచేతిలో పెట్టింది. "నాయనా, రెండు నిమిషాలు పట్టుకో, చెయ్యి కడుక్కోని వస్తా" అని బిందె వైపు పోయింది.

నేను పెద్దాయన్ను ఆపాను. "ఎందుకు కడుక్కోవాల?" అన్నాను.

ఆయన నవ్వాడు. "ఎంగిలి గదప్పా."

"ఎంగిలంటే ఏంది? చెప్పు. అమ్మ ముందర నాదస్వరం వాయిస్తారు గదా, ఆ పీక నోట్లో తడవకుండానే పలుకుతాదా?"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లుమన్నారు. ఒకడు ఈల వేశాడు. ఎవరో "సార్‌కు మైకియ్యండిరా, ఈడ సగం మందికి వినపడలా" అన్నారు. మా వైపు జనానికి వాదం కోడిపందెం లాంటిది. ఇద్దరు ఎదురుపడితే చాలు, చుట్టూ వలయం కట్టేస్తారు. పెద్దాయన కూడా సంబరంగానే కుర్చీ జరిపి, "రాప్పా, కూర్చోని మాట్లాడదాం. మేమంతా నోట్లో ఏం పెట్టుకోని ఆడినాం?" అన్నాడు.

"అందుకే నీ నోట్లో మూడుండాయి" అన్నాను.

మళ్ళీ నవ్వులు. ఆయనా పగలబడి నవ్వాడు. నేను కమిటీ వేదిక ఎక్కి మైకు అందుకున్నాను. ఎడమచేతిలో మైకు, కుడిచేతిలో మా అమ్మాయి తొడుగు. ఎత్తి చూపించాను. ఇందులో మైల ఎక్కడుందో చూపించమన్నాను. అంపైరు నోట్లో ఈల ఎంగిలి కాదా అన్నాను. మా మేనత్త మాట చెప్పాను. నాయన చావు చెప్పాను. జనం వేదిక చుట్టూ ఇంకా దగ్గరికి జరిగారు. ఆ పెద్దాయన ముఖంలో నాకు మా మేనత్త కనబడింది. నేను అప్పుడు మాట్లాడుతున్నది ఆయనతో కాదు, ఎప్పుడో చచ్చిపోయిన ఆమెతో.

రెండో సగం ఈల మోగింది. నేను వినకపోలేదు. మా జట్టు కూత మొదటిది. చెయ్యి కడుక్కుని వచ్చిన మా అమ్మాయి, జనాన్ని తోసుకుని నా దాకా రాలేక, గీత దగ్గర నిలబడి నా వైపు తిరిగింది. చెయ్యి ఎత్తి అరచెయ్యి తెరిచి చూపింది. నేను బాగా మాట్లాడుతున్నానని చెబుతోందనుకున్నాను. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజంగా అట్లాగే అనుకున్నాను. తల ఊపి, తొడుగు ఇంకొంచెం పైకెత్తాను. ఆమె నోరు కదిపింది. మైకు హోరులో ఏమీ వినబడలేదు. అంపైరు చెయ్యి ఊపి తొందరపెట్టాడు. కూతకు పోకపోతే వంతు పోతుంది. ఎంచేవాళ్ళు ఎదురుగా ఉన్నారు. ఆమె చెయ్యి దించి, తిరిగి, గీత దాటింది.

నాదస్వరం మాట ఇంకోసారి చెప్పాను. చప్పట్లు పడ్డాయి. ఆ చప్పట్లలోనే మైదానం వైపు నుంచి ఇంకో రకం అరుపు లేచింది.

అవతలి జట్టు పిల్ల కాళ్ళు పట్టుకుందట. ఈమె ముందుకు పడింది. ఇంకో పిల్ల మోకాలు సరిగ్గా నోటికి తగిలింది. ఎవరి తప్పూ లేదు. కబడ్డీలో జరిగేదే. ముందరి పన్ను ఒకటి మొదలంటా ఊడిపోయింది, పక్కది సగానికి విరిగింది. నేను వేదిక దిగి పోయేసరికి ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. నోట్లో నుంచి రక్తం కారకుండా రెండు చేతులూ అడ్డం పెట్టుకుని ఉంది. ఎందుకో నాకు ఆ క్షణంలో అర్థం కాలేదు. ఉమ్మకూడదు గదా, అమ్మ తావు.

నాకంటే ముందు ఆ పెద్దాయన పోయాడు. భుజం మీది కండువా తీసి ఆమె నోటి కింద పట్టాడు. "ఊసెయ్ తల్లీ, ఈడనే ఊసెయ్, మింగద్దు, ఊసెయ్" అంటున్నాడు. ఆ ఉమ్మి, ఆ రక్తం ఆయన చేతుల మీదుగా మోచేతుల దాకా కారాయి. తుడుచుకోలేదు. తల వెనక ఒక చెయ్యి పెట్టి పట్టుకుని, బండి తెమ్మని అరుస్తూనే ఉన్నాడు.

మోకాలు తగిలిన పిల్ల ఏడుస్తూ మట్టిలో వెతికి పన్ను తెచ్చి నాకిచ్చింది. "తెలియకుండా తగిలింది సార్, అక్కకు చెప్పండి సార్" అంది. ఒక చేతిలో తొడుగు, ఒక చేతిలో పన్ను. మట్టి అంటుకుని ఉంది. కొళాయి దగ్గరికి పోయి కడిగాను. చేతిరుమాలుతో గట్టిగా రుద్దాను, తెల్లగా అయ్యేదాకా. రుమాల్లో కట్టి జేబులో పెట్టుకున్నాను. చాలా జాగ్రత్తగా చేశాననుకున్నాను.

పెద్దాయన బండిలోనే చిత్తూరు పోయాం. అక్కడ రక్తం ఆపారు. అక్కడి నుంచి తిరుపతి. డాక్టరు మొదట అడిగిన మాట: "పన్ను తెచ్చినారా?" రుమాలు విప్పాను. ఆయన దీపం కింద పెట్టి చూశాడు.

"రుద్దినారా సార్?"

"మట్టి ఉండింది."

"వేరు మీద సన్నటి పొర ఉంటాది. అది పోతే ఇంక ఎముక పట్టుకోదు. రుద్దకుండా పాలల్లో వేసుకోని గంటలో వచ్చి ఉంటే ప్రయత్నం చేసేవాణ్ణి. పాలు దొరకలేదా?"

పాలు! గుడి ముందు అభిషేకానికి వరసగా పెట్టిన పాల బిందెలు నా కళ్ళ ముందుకు వచ్చాయి. రాతి మీద పాలు పోయడాన్ని ముప్పై ఏళ్ళుగా తిడుతున్నాను. ఆ పాలు దేనికి పనికివస్తాయో అవసరమైన పూట నాకు తెలియలేదు. విజ్ఞానం, విజ్ఞానం అని గొంతు చించుకునేవాడికి ఊడిన పన్నును ఏమి చేయాలో తెలియదు. మైకు పట్టుకోవడం తెలుసు.

ఇంతవరకూ జరిగినదాన్ని నేను ఇదివరకే ఒకసారి రాశాను. నెల తిరగకుండా ఒక చిన్న పత్రికకు వ్యాసం పంపాను. మూఢనమ్మకం ఒక ఆడపిల్ల పన్ను ఎట్లా ఊడగొట్టిందో రాశాను. పసుపునీళ్ళు, ఎంగిలి, కమిటీ పెద్ద, ఆయన మూడు పళ్ళు, అన్నీ రాశాను. ఒక్క అబద్ధమూ లేదు. వ్యాసం బాగుందని చాలామంది ఫోన్లు చేశారు. కొందరు దాన్ని కరపత్రంగా వేస్తామన్నారు.

మా అమ్మాయి మంచం మీద కూర్చుని చదివింది. పెదవికి కుట్లు విప్పి నాలుగు రోజులైంది. చివరిదాకా చదివి మడిచి పక్కన పెట్టింది.

"బాగుండాది నాయనా. తొడుగు నీ చేతిలో ఉన్నిందని రాయలేదే?"

"నేనేమన్నా కావాలని పట్టుకున్నానా?"

"నేనడిగింది అది కాదు. రాయలేదే అని. ఆ తాత కండువా గూడా రాయలేదు. కడుక్కోని పెట్టుకోమన్నాడని గూడా రాయలేదు."

"అవన్నీ రాస్తే వాదం పలచబడతాది మా."

"ఎవురి వాదం? పన్ను నాది గదా." గాలి బయటికి పోయి మాట ఈలలాగా పలికింది. ఆమెకే చిరాకు వేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఒక చెంబు నీళ్ళు నాయనా. పోసుకోని, తొడుగు పెట్టుకోని నేను ఆడేదాన్ని. ఆయప్ప అమ్మా అన్నాడు, నేను తాతా అన్నాను. మధ్యలో నిన్నెవురు పిలిచినారు?"

నా దగ్గర జవాబులున్నాయి. ఈ రోజు చెంబు నీళ్ళంటారు, రేపు ముట్టంటారు, ఎల్లుండి కులమంటారు. ఎక్కడో ఒకచోట ఎందుకని అడగాలి గదా? ఇప్పటికీ అది సరైన ప్రశ్నేనని అనుకుంటున్నాను. కానీ ఆ ప్రశ్న అడగడానికి నేను ఎంచుకున్న వేళ నా కూతురిది. ఎత్తి చూపిన వస్తువు నా కూతురిది. పోయిన పన్ను కూడా ఆమెదే. నాకు చప్పట్లు మిగిలాయి. కరపత్రం వద్దని చెప్పాను. ఎందుకని అడిగినవాళ్ళకు కారణం చెప్పలేదు. అదీ పిరికితనమే. అందుకే ఇప్పుడు ఇది రాస్తున్నాను.

జిల్లా జట్టుకు ఆ ఏడు ఆమెను ఎంచలేదు. పన్ను కట్టించడం, పక్కదాన్ని బాగుచేయించడం, పెదవి మానడం, వీటితో ఆరేడు నెలలు గడిచాయి. ఆటకు పోనంటుందేమోనని భయపడ్డాను. పోనంటే బాగుండునని లోలోపల ఆశపడ్డాను కూడా. ఆమె మాత్రం డాక్టరు దగ్గరికి తానే పోయి, కొత్త పళ్ళకు మళ్ళీ అచ్చు ఇచ్చి, కొత్త తొడుగు చేయించుకుంది.

దసరా అయ్యాక ఒక రోజు ఆమె సంచిలో ఆ డబ్బీ చూశాను. మూత మీద పసుపు, కుంకుమ బొట్టు.

"ఇదేంది?"

"ఆయుధపూజకు పెట్టించినా. మా పీటీ సారు మోకాటి పట్టీలు, బూట్లు, ఈల అన్నీ వరసగా పెట్టి పూజ చేయించినాడు. నేనిది గూడా పెట్టినా. ఇంక ఎవురూ ఎంగిలి అనరు. ఆయుధానికి ఎంగిలి లేదంట."

"నువ్వు నమ్ముతావా?"

"కుంకమ పండ్లను కాపాడదని నాకు తెలుసు నాయనా. రబ్బరు కాపాడతాది. ఆ రబ్బరు నా నోట్లో ఉండేదానికి ఏం కావాల్నో అది చేసినా."

కోపం తలకెక్కింది. నోరు తెరిచాను. ఆమె కట్టించుకున్న పన్ను పక్కదానికంటే ఒక ఛాయ తెల్లగా ఉంది. దాన్ని చూసి నోరు మూసుకున్నాను.

తర్వాతి ఏడు తిరునాళ్ళకు అదే ఊరు, అదే మైదానం. "రావాలంటే రా. మాట్లాడొద్దు" అంది. పోయాను. పెద్దాయన నన్ను చూసి పక్కన కుర్చీ వేయించాడు. కొత్త కండువా వేసుకుని ఉన్నాడు.

"పాప పన్ను కుదురుకున్యాదా అప్పా?"

"కుదురుకుంది."

"పూజ చేయించిందంట గదా, పీటీ సారు చెప్పినాడు. ఇంక దానికి ఎంగిలి యాడిది?" అన్నాడు తృప్తిగా.

నాకు ఇరవై జవాబులు వచ్చాయి. ఒకటి కంటే ఒకటి పదునైనవి. ఆ మూడు పళ్ళ నవ్వు మీద విసిరితే మళ్ళీ జనం గొల్లుమనేవారు. ఒక కుంకుమ బొట్టు ముందు నా ముప్పై ఏళ్ళ మాటలు ఎందుకూ కొరగాకుండా పోయాయి. దానికి దారి వేసింది నేనే. అవునని తల ఊపాను. అబద్ధం ఆడినట్టే ఉంది. ఆడాను.

మా అమ్మాయి కూతకు పోయింది. కూత ఖణీమని వినబడుతోంది. ఇద్దరిని తాకి, కిందపడి, పొర్లి, చేత్తో గీత ముట్టుకుని లేచింది. మట్టి కొట్టుకుపోయిన ముఖంతో తాడు దగ్గరికి వచ్చింది. తొడుగు తీసి డబ్బీలో వేసి మూత పెట్టింది. నేను రెండడుగుల దూరంలో కూర్చుని ఉన్నాను. చెయ్యి కూడా చాపాను. ఆమె చూసింది. డబ్బీని పక్కన కూర్చున్న జట్టు పిల్ల ఒళ్ళో పెట్టి, నీళ్ళు తాగడానికి పోయింది.